ఆరో మెట్టు మీద సుద్దగీత

జూలై 3

బుడగకి, బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అందులో సగం నీ సీసాల సంగతి, పావు వంతు మీ సారు మీద ఫిర్యాదు, మిగిలిన పావు నా ఆరోగ్యం. వరస తిప్పి రాసి ఉంటే నా ప్రాణం ఇంకాస్త సంతోషించేది. చిన్నప్పుడు అలిగితే బుగ్గలు పూరించి కూర్చునేదానివని నీకు బుడగ అని పేరు పెట్టాను. ఇప్పుడు పెద్ద లేబొరేటరీలో కూర్చుని జీతం తీసుకుని మరీ బుడగలు లెక్కపెడుతున్నావు. అంతా నా నోటి చలవ.

ఇక్కడ విత్తనాల గోదాములో నా పని మామూలే. నేలకింద గదిలో బఠాణీ విత్తనాల మూటలున్నాయి కదా, వాటికి పురుగు పట్టింది. ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు గదిలో సగం మూటలే. ఎక్కడని వెతుకుతాను? అందుకని ఒకటో తారీఖున వీధి వైపున్న నాలుగు వెంటిలేటర్లూ మూసేశాను. గోనెపట్టాలు కుక్కి, పైన బంకమట్టి మెత్తాను. చీమ కూడా దూరదు. రెండేళ్ల క్రితం ఎలుకల బాధకి కూడా ఇలాగే మూశాను, నా తోటి కాపలాదారు పెద్దాయన ఉన్న రోజుల్లో. అప్పుడు నాది పై అంతస్తు కాపలా, కింది గది ఆయనది. ఎలుకలు నిజంగానే తగ్గాయి. ఆ నెలలోనే ఆయన పోయాడు గాని, లేకపోతే నన్ను మెచ్చుకునేవాడు. మెచ్చుకోకపోయినా కనీసం తిట్టేవాడు కాదు.

కింద బల్బు పోయి నెలయింది. ఆఫీసరు రేపు వేయిస్తాను అంటాడు. ఆయన క్యాలెండర్లో అన్నీ రేపులే. ప్రస్తుతం లాంతరుతో దిగుతున్నాను. నీకు గుర్తుందా, సెలవులకి వచ్చినప్పుడు మెట్లు లెక్కపెట్టి పద్నాలుగు అని అరిచేదానివి. ఆ మెట్ల పక్క గోడ మీద పెద్దాయన గీసిన సుద్దగీతలు ఇంకా ఉన్నాయి. అడుగు నుంచి ఆరో మెట్టు దాకా, మెట్టుకి ఒక గీత. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి ప్రతి గీతా ఎడమ చివర చిన్న కొక్కెంలా కిందికి తిరిగి ఉంటుంది. ఎందుకు గీశాడో ఎవరికీ తెలియదు. ఆరో మెట్టు మీద కూర్చుని, గోడకి తల ఆనించి, చేతిలో సుద్దముక్కతోనే పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. పందొమ్మిదేళ్లు పక్కపక్కన టీ తాగిన మనిషి. ఆయన గుండె బాగాలేదని నాకు ఒక్కనాడూ తెలియలేదు.

మెట్ల మలుపు దగ్గర, ఏడో మెట్టు మీద, నా మంచం వేసుకున్నాను. మధ్యాహ్నం పూట అక్కడ చల్లగా హాయిగా ఉంటుంది. ఈ వయసులో ఇంతకంటే వైభోగం ఏం కావాలి.

మీ నాన్న పోయాక నాకు మిగిలింది నువ్వొక్కదానివే. ఫోన్ కొనుక్కోమంటావు గాని, వినపడని చెవికి ఫోన్ ఎందుకు? ఉత్తరం రాయి, పెద్ద అక్షరాలతో.

బాబాయి


జూలై 7

బాబాయ్,

వెంటిలేటర్లు మూసి మంచి పని చేశావు. నువ్వు తెలియకుండానే సైన్సు చేశావు. గాలి లేకపోతే పురుగు చస్తుంది. గింజ మాత్రం చావదు, నిద్రపోతుంది. పొడి విత్తనం గాలి లేకుండా ఏళ్ల తరబడి పడి ఉండగలదు. ఎవరైనా తెరవమంటే మా అన్న కూతురు వద్దందని చెప్పు.

నా సీసాల సంగతి మొదట్లోనే రాస్తాను, అలగకు. ఈస్ట్ తెలుసుగా, రొట్టె పిండిని పొంగించేది. అది ప్రాణి. దానికి గాలి అందకుండా చేస్తే ఏం చేస్తుందో కొలవడమే నా ఉద్యోగం. నీళ్లు మరగబెట్టి అందులో కలిసిన గాలిని వెళ్లగొడతాను. చల్లారాక పంచదార, ఈస్ట్ వేసి, పైన నూనె పోస్తాను. ఆ నూనె తెర కింద గాలి చొరబడదు. అయినా ఈస్ట్ చావదు. చక్కెరని సగం సగం విరిచి, ఆ కాస్త శక్తితో బతుకుతూ, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, దాంతోపాటు కొంచెం సారాయి కూడా. ఆ వాయువు గీతలున్న గాజు గొట్టంలోకి వెళ్లి నీళ్లని కిందికి తోస్తుంది. పది నిమిషాలకోసారి ఎన్ని గీతలు దిగిందో పుస్తకంలో రాస్తాను. అంతే. ఊపిరాడని చోట ఊపిరి తీసేవాళ్ల హాజరు పట్టీ అన్నమాట.

పక్కన ఇంకో సీసా ఉంటుంది. అందులో ఈస్ట్‌ని ముందే ఉడికించి చంపేస్తాను. దానిలోంచి ఏమీ రాకూడదు. రాలేదంటేనే మొదటి సీసాలో వచ్చింది ప్రాణం ఉన్నదాని ఊపిరి అని రుజువు. మొన్న మూడో తారీఖున ఆ చచ్చిన సీసాలోంచి బుడగ వచ్చింది బాబాయ్. తర్వాత ఇంకోటి. నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను, ఎందుకో తెలియదు. నాలుగు రోజులుగా అది ఊపిరి తీస్తోంది. సారు చూసి, ఆ ఒక్క రీడింగూ కొట్టెయ్యమ్మా, ఎవరడుగుతారు అన్నారు. నేను కొట్టెయ్యలేదు. కంటితో చూసిన అంకె మార్చను అని చెప్పాను. ఆయన మొహం చిట్లించుకుని వెళ్లిపోయారు.

నీ కింది గది బఠాణీలు ఒక గుప్పెడు పంపు. అడుగున ఉన్న మూటల్లోంచి తియ్యి, పురుగు ఎంత లోతుకి పోయిందో చూస్తాను. బీపీ మాత్ర వేసుకుంటున్నావా?

నీ బుడగ


జూలై 10

బుడగకి,

గింజలు ఈ ఉత్తరంతోపాటు వేరే పార్సిల్‌గా పంపుతున్నాను. నీకొక్కదానికే చెబుతున్నాను, మనసులో పెట్టుకో. వానలకి పైపు కారి ఎనిమిది మూటలు తడిశాయి. ప్రతి ఏడూ ఉండే బాగోతమే. పై అధికారులు వచ్చినప్పుడు తడి మూట కనపడితే ఆఫీసరు మమ్మల్ని నంజుకు తింటాడు. అందుకని పెద్దాయన కాలం నుంచీ మా పద్ధతి ఒకటే, తడి మూటలు అడుక్కి, పొడి మూటలు పైకి. పార్సిల్లో గింజలు కొంచెం చెమ్మగా ఉంటే ఆశ్చర్యపోకు.

గింజలు తీస్తుంటే చిన్న విచిత్రం జరిగింది. వంగితే తల తిరిగింది, నిలబడితే తగ్గిపోయింది. మళ్లీ వంగాను, మళ్లీ తిరిగింది. మాత్ర వేసుకున్నాను, నన్ను తిట్టకు. అక్కడ పుల్లటి వాసన, కల్లు కుండ మూత తీసినట్టు.

ఇంకోటి. లాంతరు ఆరిపోతోంది. మొన్న మూడో మెట్టు మీద పెడితే ఆరింది. కిరసనాయిల్లో నీళ్లు కలిపాడని కొట్టువాణ్ణి కడిగేశాను. కొత్త నూనె పోశాను. నిన్న నాలుగో మెట్టు మీద ఆరింది. ఐదో మెట్టు మీద పెడితే చక్కగా వెలుగుతుంది, ఒక్క మెట్టు దించితే ఎవరో వేళ్లతో వత్తి నలిపినట్టు పోతుంది. గాలి విసురు లేదు. అప్పుడు గోడ వైపు చూశాను. పెద్దాయన గీతలు ఎందుకు గీశాడో నాకు అర్థమైంది తల్లీ. ఆయన లాంతరు కూడా అక్కడక్కడే ఆరేది. ఆరిన చోటల్లా గీత పెట్టాడు. రెండేళ్ల క్రితం ఏదో ఆయన కేసి ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. ఇప్పుడు మళ్లీ బయల్దేరింది.

నేను దయ్యాల్ని నమ్మనని నీకు తెలుసు. కాని నమ్మనివాడి మెట్లు ఎక్కకూడదని వాటికి తెలుసో లేదో.

కింద నిశ్శబ్దంగా ఉంటే మూటల్లోంచి చిటపట వినిపిస్తోంది. నా చెవికి వినపడిందంటే అది చిన్న చప్పుడు కాదు.

బాబాయి


జూలై 13

బాబాయ్,

నీ దయ్యం కథ లేబొరేటరీలో అందరికీ చదివి వినిపించాను. గాజుసామాను కడిగే అక్క రెండోసారి చదివించుకుంది. నీకు గోదాము ఉద్యోగం ఇచ్చి కథలు రాసేవాణ్ణి చెడగొట్టారు. చిన్నప్పుడు నన్ను మెట్ల మీద ఇలాగే భయపెట్టేవాడివి, ఇప్పుడు భయపడే వయసు దాటిపోయింది. లాంతరు వత్తి మార్చు. వంగితే తల తిరగడం మాత్రం నవ్వులాట కాదు, వెళ్లి డాక్టరుకి చూపించుకో. తడి మూటలు ఎండ కాసిన రోజున ఆరబెట్టించు.

నా చచ్చిన సీసా రహస్యం తేలిపోయింది. ఈస్ట్ వేసిన డ్రాపర్ గొట్టంతోనే ఉడికించిన సీసాలో కూడా నూనె వేశాను. గొట్టం అంచున ఒక్క బొట్టు బతికినది అంటుకుని ఉండి ఉంటుంది. ఆ ఒక్క బొట్టు నాలుగు రోజుల్లో సీసా అంతటినీ తనదిగా చేసుకుంది. చచ్చినవాడు లేవలేదు బాబాయ్, బతికినవాడు మధ్యలో దూరాడు. తప్పు నాదేనని పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టాను. పాత అంకె అలాగే ఉంచాను. సారు ఈసారి మొహం చిట్లించలేదు.

పార్సిల్ ఇంకా రాలేదు.

నీ బుడగ


జూలై 13

బుడగకి,

రోజూ దిగి చూస్తున్నాను. ఈరోజు లాంతరు ఆరో మెట్టు మీద ఆరింది. పెద్దాయన కూర్చున్న మెట్టు. అక్కడే కాసేపు నిలబడ్డాను, మర్యాద కోసం.

గీతలు పైకి వస్తున్నాయి. పాతవి కాదు, కొత్తవి. ఏడో మెట్టు పక్కన తెల్లగా కొత్త గీత ఉంది. దాని ఎడమ చివర కొక్కెం ఉంది. నేను గీయలేదు. మూటల మీద నంబర్లు వేసే సుద్దముక్క మలుపు దగ్గర గూట్లోనే ఉంది, కాని పొద్దున ఉన్నంత పొడుగు లేదు.

మధ్యాహ్నం నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పడుతోంది. పడుకుంటే లేవబుద్ధి కావడం లేదు. లేచాక తలనొప్పి. నువ్వు నిన్న వచ్చి మంచం పక్కన కూర్చున్నట్టు అనిపించింది. వచ్చావా?

బాబాయి


జూలై 13

బుడగకి,

రోజూ దిగి చూస్తున్నాను. ఈరోజు లాంతరు ఏడో మెట్టు మీద ఆరింది. అక్కడే కాసేపు నిలబడ్డాను, మర్యాద కోసం.

గీతలు పైకి వస్తున్నాయి. ఎనిమిదో మెట్టు పక్కన గీత ఉంది. నేను గీయలేదు. నిద్ర బ్రహ్మాండంగా పడుతోంది. రోజూ దిగి చూస్తున్నాను.

వచ్చి పక్కన కూర్చున్నది నువ్వు కాదు. ఆయనకి ఊపిరి భారంగా ఉంది.

బాబాయి


జూలై 17, పొద్దున ఎనిమిది గంటలు

బాబాయ్,

నీ రెండు ఉత్తరాలూ నిన్న సాయంత్రం ఒకేసారి వచ్చాయి. రెండింటి మీదా పదమూడే అని ఉంది, రెండోదాని పోస్టు ముద్ర మాత్రం పద్నాలుగు. ఒకే ఉత్తరం రెండుసార్లు రాసి నన్ను ఆటపట్టిస్తున్నావని మొదట కోపం వచ్చింది. తర్వాత అక్షరాలు చూశాను. వంకర్లు పోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నీ చేతిరాత చూపించి ఈ ఊళ్లో నేను గర్వపడతాను బాబాయ్. అది నీ రాత కాదు.

ఇప్పుడు మీ ఆఫీసుకి ఫోన్ చేయాలని కూర్చున్నాను. పది గంటలకి గాని తలుపు తీయరు. ఎనిమిది నుంచీ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

నీ గింజలు మొన్న వచ్చాయి. నీ ఉత్తరాలు చదివాక నిన్న రాత్రి ప్రయోగం పెట్టాను. గాజు గొట్టం నిండా పాదరసం పోసి, పాదరసం ఉన్న గిన్నెలోనే తలకిందులుగా నిలబెట్టాను. అడుగు నుంచి నీ గింజలు ఐదు గ్రాములు లోపలికి తోశాను. అవి తేలి పైకి పోయాయి. అక్కడ గాలి లేదు, ఏమీ లేదు. పొడి గింజలైతే అలా పడి ఉండేవి. కాని ఇవి తడిసి, మొలకకి లేచి, గాలి అందక, నా ఈస్ట్ చేసే పనే చేస్తున్నాయి. గంటలో పాదరసం అర మిల్లీలీటరు దిగిపోయింది. ఏ వాయువో అని కాస్టిక్ పొటాష్ ముక్క పంపాను, అది కార్బన్ డయాక్సైడ్‌ని మింగేస్తుంది. పాదరసం మళ్లీ గబగబా పైకెక్కింది. అంటే అంతా ఆ వాయువే.

లెక్క చెబుతాను. గ్రాముకి గంటకి మిల్లీలీటరులో పదో వంతు. ఎనిమిది మూటలు, మూటకి డెబ్బై ఐదు కిలోలు, మొత్తం ఆరు వందల కిలోలు. అంటే గంటకి అరవై లీటర్లు, రోజుకి పద్నాలుగు వందల పైన. ఆ వాయువు మన గాలి కంటే బరువు. నేల మీద నీళ్లలా నిలుస్తుంది, కంటికి కనపడదు. వెంటిలేటర్లు తెరిచి ఉంటే గాలి ఆడి చెదిరిపోయేది. మూటలు పోను మిగిలిన గదిలో రెండు రోజులకి ఒక మెట్టు ఎత్తు లేస్తుంది. లాంతరు ఆరింది దానివల్లే. నువ్వు వంగితే తల తిరిగింది దానివల్లే. దాని అంచుల్లో ఉంటే మనిషికి మత్తు, మతిమరుపు. మునిగితే అంతే.

ఒకటో తారీఖున మూశావు. ఈరోజు పదిహేడు. ఎనిమిదో మెట్టు. నీ మంచం ఏడో మెట్టు మీద.

మంచి పని చేశావని రాసింది నేనే. ఎనిమిది మూటలు తడిశాయని నువ్వు రాస్తే, చదివి కూడా నా సీసా గొడవలో పట్టించుకోలేదు. నీ ఉత్తరం అందరికీ చదివి నవ్వించాను. నీకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోను. ఈ ఉత్తరం ఎలాగూ పోస్టు చేస్తాను, మూడు రోజులకి అందుతుంది. చదివే స్థితిలో ఉండు బాబాయ్. అదొక్కటే అడుగుతున్నాను.

పది అయింది.

బుడగ


జూలై 24

బుడగకి, బాబాయి దీవెనలు.

చదివే స్థితిలోనే ఉన్నాను. నీ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద నాలుగుసార్లు చదివాను. నువ్వు వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లావు, కాని అప్పుడు నా నోరు తిరగలేదు, నువ్వు ఏడుపు ఆపలేదు. ఇద్దరం పనికొచ్చే మాట ఒక్కటీ మాట్లాడుకోలేదు. ఉత్తరమే నయం.

ఆ రోజు సంగతి ఆఫీసరు చెబితే తెలిసింది. నువ్వు ఫోన్లో, మా బాబాయి ఎక్కడున్నాడు అని అడిగితే, పొద్దున్నే వచ్చి కింద పడుకున్నాడమ్మా, లేపమంటారా అన్నాడట. పదో మెట్టు దాటి దిగొద్దు, ముందు వెంటిలేటర్లు పగలగొట్టించండి అని నువ్వు అరిచావట. నీ అరుపుకి ఆయన చెవి ఇంకా గుయ్యిమంటోందట, ఇప్పుడు ఇద్దరం ఒక జట్టు. గునపాలతో బంకమట్టి పొడిపించి, తాడు కట్టుకుని లాంతరు పట్టుకుని దిగాడు. నన్ను కిందికంటా వెతకాల్సి వస్తుందని అనుకున్నాడు.

నేను మంచం మీద లేను. పదో మెట్టు మీద కూర్చుని ఉన్నాను, గోడకి తల ఆనించి, స్పృహ లేకుండా. నా చేతిలో సుద్దముక్క ఉంది. పక్కన గోడ మీద పదో గీత. లాంతరు తాడుతో ఎనిమిదో మెట్టు మీదికి దించితే ఆరిపోయిందట. మంచం మీద పడుకున్నది నాకు గుర్తుంది, లేచింది గుర్తు లేదు. మత్తులో నేనే గీసి మరిచిపోతూ వచ్చానని డాక్టరు అన్నాడు. సరే అన్నాను.

వెంటిలేటర్లు ఇప్పుడు బార్లా తెరిచి ఉన్నాయి. తడి మూటలు బయట పారబోశారు. అధికారులకి ఆఫీసరే నిజం చెప్పాడు, ఉద్యోగం ఉంది. నువ్వు రాసిన మాట గురించి బాధపడకు. మూటలు తడిశాయని నేను మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది, సిగ్గుపడి దాచాను. ఆ తప్పు నాది.

ఇప్పుడు నేను నిద్రపోకుండా ఆలోచిస్తున్న సంగతి. నిన్న పాత హాజరు పట్టీ తీయించాను. రెండేళ్ల క్రితం ఇదే నెల ఒకటో తారీఖున ఎలుకల కోసం వెంటిలేటర్లు మూశాను. పైపు అప్పుడూ కారింది. తడి మూటలు అప్పుడూ అడుక్కి వేశాం. ఎన్నని గుర్తు చేసుకున్నాను. ఎనిమిదే. పట్టీలో పెద్దాయన సంతకాలు పన్నెండో తారీఖు పొద్దుటి దాకా ఉన్నాయి, సాయంత్రానిది లేదు.

నేను లెక్కల్లో మొద్దుని. నువ్వు సీసాల్లో కొలిచినదానివి. మూసిన పన్నెండో రోజుకి అది ఎన్నో మెట్టు దాకా వస్తుందో నువ్వే చెప్పు. ఆయన గాలిని మూసింది నేనేనా అన్నది నాకు తెలియాలి. దాచకుండా రాయి. నువ్వు అంకె మార్చవని నాకు తెలుసు, అందుకే నిన్నే అడుగుతున్నాను.

బాబాయి


జూలై 28

బాబాయ్,

నీ ఉత్తరం చదివాక ప్రయోగం మళ్లీ చేశాను. మొన్నటి లెక్కలో తప్పు ఉంది. ఆ రోజు కంగారులో దశాంశ చుక్క ఒక స్థానం పక్కన పెట్టాను. మిల్లీలీటరులో పదో వంతు కాదు, నూరో వంతు. అంటే రెండు రోజులకి ఒక మెట్టు కాదు, ఇరవై రోజులకి ఒక మెట్టు.

పన్నెండు రోజుల్లో అది మొదటి మెట్టు కూడా దాటదు. పెద్దాయనది గుండెపోటే. డాక్టరు అప్పుడే చెప్పాడు కదా. గీతలు ఆయన ఇంకెందుకో గీసి ఉంటాడు, మూటల లెక్కకేమో. నీ మత్తుకి లాంతరు పొగ, బీపీ కూడా కారణం అయి ఉంటాయి.

నా పుస్తకంలో అంకె దిద్దాను. సంతకం పెట్టాను.

ఇంక ఆ పట్టీ బీరువాలో పెట్టించెయ్యి. మాత్రలు వేసుకో. పై నెలలో సెలవు పెట్టి వస్తాను. నాకు నువ్వు కావాలి బాబాయ్, ఇంకేమీ వద్దు.

నీ బుడగ


ఆగస్టు 1

బుడగకి, బాబాయి దీవెనలు.

ఉత్తరం అందింది. సరే తల్లీ. గుండెపోటే.

ఈరోజు పనిలో చేరాను. పొద్దున లాంతరు పట్టుకుని అడుగు దాకా దిగాను. ఎక్కడా ఆరలేదు. మంచం పైకి తెప్పించేశాను. ఆఫీసరు బల్బు వేయించాడు, ఆయన రేపు చివరికి వచ్చింది. గోడ కడిగించమన్నాడు. కొత్త గీతల్ని కడిగాను. పాతవి ఆరింటినీ ఉంచమని అడిగాను, ఉంచాడు.

కడిగే ముందు ఒకసారి దగ్గరగా చూశాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. అన్నిటికీ ఎడమ చివర కొక్కెం ఉంది. నేను దొరికినప్పుడు సుద్దముక్క నా ఎడమ చేతిలో ఉందట. నేను కుడిచేత్తో తప్ప చెంచా కూడా పట్టుకోలేనని నీకు తెలుసు. మంచం మీద నుంచి మూడు మెట్లు పైకి నన్ను ఎవరు నడిపించారో, ఎందుకు నడిపించారో దీనికి నిన్ను లెక్క అడగను. ఆయనకి నా మీద కోపం ఉండాల్సింది. ఉన్నట్టు లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

ఇకమీదట రోజూ పొద్దున ఆరో మెట్టు మీద కాసేపు కూర్చుందామనుకుంటున్నాను. రెండు గ్లాసుల టీ తీసుకెళతాను. ఆఫీసరు చూసినా ఏమీ అనడు.

ఒక్క పని చెయ్యి. నీ పుస్తకంలో దిద్దిన అంకె మళ్లీ పాతదే రాసెయ్యి. మీ సారు చూస్తే బాగుండదు.

బాబాయి